కొంగు మీద రెండు నెమళ్లు

ప్రశ్న: పెళ్లిరోజుకి కొంగు మీద రెండు నెమళ్లున్న కలంకారీ చీర కొన్నాను. చేత్తో వేసిందేనని షాపులో చెప్పారు. మా ఆడపడుచేమో ప్రింట్ అంటోంది. ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొంగు మీది రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి చూడండమ్మా. గీత గీతకీ అచ్చం ఒకేలా ఉంటే అది కలంతో వేసింది కాదు. శ్రీకాళహస్తిలో 20 ఏళ్లుగా ఇదే నా పని. మా కలం అంటే వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారంతో కట్టింది. ఆ ఉన్నిని వేళ్లతో నొక్కుతూ రంగు వదులుతాం, అందుకే గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. నలుపు కోసం కసిమి వాడతాం: ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్లలో నానబెట్టింది. గుడ్డను ముందే కరక్కాయ, పాలలో ముంచి ఆరబెడతాం. పాలు రంగు పాకకుండా ఆపుతాయి. కరక్కాయ వగరు తగిలాకే కసిమి నల్లగా తిరుగుతుంది. ఆ క్షణం చూడటం నాకిప్పటికీ ఎంతో ఇష్టం.

పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ కూడా చేతిపనే. అక్కడక్కడ అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కనిపిస్తుంది. మీది అదైతే బాధపడకండి. స్క్రీన్ ప్రింట్‌ని కలంపని ధరకి అమ్మితేనే నాకు కడుపు మండుతుంది. అలా అయితే బిల్లు తీసుకెళ్లి గట్టిగా అడగండి.