మోకాళ్ల నొప్పికి వజ్రాసనం ఇప్పుడు వద్దక్కా

అక్కా, అలిపిరి మెట్లెక్కి వచ్చినప్పటి నుంచి మోకాళ్లు నొప్పి, వజ్రాసనం వేస్తే ఇంకా ఎక్కువవుతోంది అన్నారు కదా. ముందు దాన్ని ఆపేయండి. అందులో మోకాలు పూర్తిగా మడిచి, చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది.

మీకు కావాల్సింది తొడ ముందు కండరాల బలం. దండాసనంలో, అంటే కాళ్లు ముందుకు చాపి నిటారుగా కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి నేలకేసి నొక్కండి. 5 సెకన్లు పట్టి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు, రెండు పూటలా. అలవాటయ్యాక సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం) కలపండి. నొప్పి పుడితే ఆపాలి, పంతం పనికిరాదు.

మొక్కుంటే 3550 మెట్లూ నిదానంగా ఎక్కండి గానీ దిగేటప్పుడు బస్సే మేలు, దిగుడులోనే మోకాళ్లకు భారం ఎక్కువ. వాపుంటే మాత్రం ఆసనాలు పక్కనపెట్టి తిరుపతిలో టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్‌లో చూపించుకోండి.