డిగ్రీలో బయోకెమిస్ట్రీ తీసుకుంటే మళ్లీ కెమిస్ట్రీ చదవక తప్పదా?

ఇంటర్ బైపీసీలో కెమిస్ట్రీ ఎలాగో గట్టెక్కానని, ఇప్పుడు బయోకెమిస్ట్రీ తీసుకుంటే మళ్లీ ఆ మోల్సూ సమతాస్థితులూ తప్పవా అని అడిగారు. తప్పవు. అనంతపురంలో బీఎస్సీ చదివినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతాను: ఈ సబ్జెక్టులో తప్పేవాళ్లంతా కెమిస్ట్రీ దగ్గరే తప్పుతారు, జీవశాస్త్రం దగ్గర ఎవరూ తప్పరు.

మా బ్యాచ్ వాళ్లం గ్లైకాలిసిస్, అంటే కణం శక్తి కోసం గ్లూకోజును విరగ్గొట్టే దారి, దాని పది మెట్లూ ఎంజైముల పేర్లతో సహా గడగడా అప్పజెప్పేవాళ్లం. తొమ్మిదో మెట్టు ఎంజైము ఎనోలేజ్, దాన్ని ఫ్లోరైడ్ ఆపేస్తుంది అని నోట్సులో ఒక లైను ఉండేది. రెండు మార్కుల ప్రశ్నకు పనికొచ్చేది, అంతే.

తర్వాతెప్పుడో నాయనకు షుగర్ పరీక్షకని సాయినగర్‌లో ఒక ల్యాబుకు తీసుకుపోయాను. రక్తం తీసే అబ్బాయి ఎర్రమూత గొట్టం పక్కన పెట్టి, బూడిదరంగు మూతది తీశాడు. లోపల అడుగున తెల్లటి పొడి. రక్తం నింపి మెల్లగా అటూ ఇటూ తిరగేస్తున్నాడు. నాయన ఊరుకోడు గదా.

"ఏమప్పా, నా రక్తంలో ఏందో పొడి కలుపుతాండావ్?"

"షుగర్‌కు ఇదే వాడాల పెద్దాయనా. లేకుంటే రీడింగు తగ్గిపోతాది."

గొట్టం మీది చీటీ చదివాను: సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్. మా నోట్సులోని ఆ లైనే! రక్తం బయటికొచ్చినా ఎర్రకణాలు బతికే ఉంటాయి. వాటికి మైటోకాండ్రియా లేదు, గ్లైకాలిసిసే దిక్కు. గొట్టంలో కూర్చుని కూడా గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తినేస్తాయి. మన మే నెల ఎండల్లో ఇంకా ఎక్కువే తింటాయి. ఎనోలేజ్ పని చేయాలంటే మెగ్నీషియం అయాన్ కావాలి. ఫ్లోరైడ్ ఫాస్ఫేటుతో కలిసి దాన్ని పట్టేసుకుంటుంది, ఎంజైము ఆగిపోతుంది. ఆక్సలేట్‌ది వేరే పని: కాల్షియాన్ని అవక్షేపంగా దింపేస్తుంది, కాల్షియం లేక రక్తం గడ్డకట్టదు. ఇంటర్‌లో తిట్టుకుంటూ లెక్కలు చేసిన ద్రావణీయతా లబ్ధం (లవణం ఎప్పుడు కరగక అవక్షేపంగా దిగుతుందో చెప్పే లెక్క) ఇదే. ఇందులో కెమిస్ట్రీ ఏదో, బయోకెమిస్ట్రీ ఏదో మీరే విడదీసి చూపించండి.

అందుకని సెలవుల్లో మోలారిటీ, పీహెచ్, బఫర్లు (పీహెచ్ పెద్దగా మారకుండా పట్టి ఉంచే ద్రావణాలు), ఆక్సీకరణ-క్షయకరణం శుభ్రంగా చేసుకోండి. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఎందుకు నిలుస్తుందో బఫర్ రానివాడికి ఎవరు చెప్పినా ఎక్కదు. యూట్యూబులో పది మెట్లకూ పాటలు కట్టి నేర్పేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

ఈ ఫ్లోరైడ్ సంగతంతా ఆరోజు ల్యాబులో బల్ల మీదే నాయనకు చెబితే, ఆయన అడిగింది ఒకటే: "మన బోరు నీళ్లల్లో ఉండేదీ ఇదేనా?" అదే. పంటిలో, ఎముకలో ఉండే హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజంలోని హైడ్రాక్సిల్ చోటును ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మా జిల్లాలో దాన్ని దాటే బోర్లున్న ఊళ్లు ఎన్నో. మా క్లాసులోనే పళ్ల మీద గోధుమరంగు చారలున్నవాళ్లు ఉండేవాళ్లు. అయినా మీ ఊరి నీళ్లు ఒక సీసాలో పట్టుకు రండి, ప్రాక్టికల్‌లో చూద్దాం అన్న లెక్చరర్ ఒక్కరూ లేరు. రికార్డులో బ్యూరెట్ బొమ్మ వంకరగా ఉందని మాత్రం స్కేలు పెట్టి మళ్లీ గీయించారు.