పోలిక చేత పని చేయించు

నల్గొండ

తమ్ముడూ,

నువ్వు పంపిన కవితలు చదివాను. ప్రేమ మీద రాసినవే ఎక్కువ, స్నేహం మీద రాసినవి రెండు. ప్రేమ కవితల్లోకి చంద్రుడు, వెన్నెల, మల్లెలు, సముద్రం వరుసగా వచ్చి, కాసేపు నిలబడి, వెళ్లిపోయాయి. మర్రిగూడ మండలంలో పెరిగిన నీకు సముద్రంతో పరిచయం ఎక్కడిదని అడగను. చూడనివి రాసే హక్కు కూడా కవికి ఉంది. నాకు తట్టిన లోటు వేరు. ఆ చంద్రుడికి నీ కవితలో పనేమీ లేదు. ఆమె ముఖం పక్కన ఊరికే వేలాడుతున్నాడు.

ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నీకు బడిలో చెప్పే ఉంటారు. పరీక్ష రాయడానికి ఆ నాలుగూ చాలు. కవిత రాసేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి: ఉపమానం, అంటే నువ్వు పోలికకు తెచ్చిన వస్తువు, కదులుతోందా? ప్రేమైనా స్నేహమైనా రోజుల మీదుగా నడిచే వ్యవహారం. పెరుగుతుంది, అలుగుతుంది, చల్లబడుతుంది, ఒక్కోసారి మళ్లీ రాజుకుంటుంది. ఉన్నచోటనే మెరుస్తూ ఉండే వస్తువుతో దాన్ని పోల్చితే ఒక్క క్షణమే పట్టుబడుతుంది, మిగతాదంతా జారిపోతుంది. అందుకని జరిగే పనితో పోల్చు.

భర్తృహరి నీతిశతకంలో పాలూ నీళ్ల పద్యం ఒకటుంది. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన పద్యం ‘క్షీరము మున్ను నీటికొసగెన్’ అని మొదలవుతుంది. నువ్వు పాఠంగా చదివే ఉంటావు. పాలూ నీళ్లలా కలిసిపోయారు అని ఎవరైనా అంటారు. అంతవరకే అయితే అది అరిగిపోయిన మాట. భర్తృహరి ఆ గిన్నెను పొయ్యి మీద పెట్టాడు. తనలో కలిసిన నీటికి పాలు మొదట తమ గుణాలన్నీ ఇచ్చేశాయి. పాలు కాగుతుంటే చూడలేక నీరు ముందుగా మంటలో దూకింది. అది మనం చూసే ఆవిరి. మిత్రుడికి వచ్చిన ఆపద చూసి పాలు తామూ మంటలో పడబోయాయి. అది పొంగు. నాలుగు చుక్కల నీళ్లు చల్లగానే మిత్రుడు తిరిగొచ్చాడని శాంతించాయి.

ఇందులో కవి కల్పించింది ఎంత? ఆవిరి, పొంగు, చల్లిన నీళ్లు, దిగిన నురగ, అన్నీ ఏ వంటింట్లోనైనా రోజూ జరిగేవే. ఆయన కల్పించినవి వాటి వెనుక కారణాలు మాత్రమే. అలంకార శాస్త్రంలో దీన్ని ఉత్ప్రేక్ష అంటారు. జరిగింది నిజం, కారణం ఊహ. జరిగిన దానిలో నిజం ఎంత గట్టిగా ఉంటే ఊహను అంతగా నమ్ముతాం. పైగా ఆ వరుస చూడు: ఒకరు దూకారు, రెండోవారు దూకబోయారు, మొదటివారు రాగానే ఆగారు. ఆ వరుసను తారుమారు చేస్తే పద్యమే లేదు. స్నేహం మీద నువ్వు రాసిన కవితలో పంక్తులను ఎటు మార్చినా తేడా రాలేదు. నేను మార్చి చూశాను.

అదే శతకంలో నీడ పద్యం కూడా ఉంది. చెడ్డవాడి స్నేహం ఉదయపు నీడ, మొదట పొడవుగా ఉండి కురచవుతూ పోతుంది. మంచివాడిది మధ్యాహ్నం దాటిన నీడ, చిన్నగా మొదలై పెరుగుతుంది. పాలమూరు ఎండల్లో తిరిగేవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. సుమతీ శతకంలో చెరువు నిండగానే చేరే పదివేల కప్పలు కూడా ఇలాంటివే. అక్కడ బంధువులకు పోలిక కప్ప రూపం నుంచి రాలేదు, చేరడం నుంచి వచ్చింది. వానలు పడ్డాక పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద ఒక సాయంత్రం నిలబడితే ఆ పద్యానికి వ్యాఖ్యానం వద్దన్నా వినిపిస్తుంది.

ఇప్పుడు నీ రెండో స్నేహ కవిత. ‘నీ స్నేహం నీళ్లలాంటిది, నా ఎముకల దాకా ఇంకింది’ అని రాశావు. ఆ పంక్తి దగ్గర ఆగిపోయాను. గోదావరి ఒడ్డున పుట్టినవాడు రాస్తే మెచ్చుకుని ముందుకు సాగేవాణ్ని. మర్రిగూడ వాడు రాస్తే ఎలా సాగను? బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి మనుషులను వంచేసిన ప్రాంతం మీది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి; వంగిన నడుములు మాత్రం అలాగే ఉన్నాయి. నువ్వు అది ఎరిగే రాశావా, అలవాటుగా కలం నుంచి జారిందా? అలవాటుగా వస్తే ఆ పంక్తి తీసెయ్. ఎరిగే రాస్తే అక్కడితో ఆపడం అన్యాయం. దాహం తీరుస్తూనే, రుచిగా ఉంటూనే, తెలియకుండా మనిషిని వంచే స్నేహాలు ఉంటాయి, ప్రేమలూ ఉంటాయి. పాలలో కలిసిన నీరు మిత్రుడి కోసం మంటలో దూకింది. మీ బోరు నీరు కలిసిన చోటునే పట్టుకుని కూర్చుంటుంది. ఈ రెండో నీటి గురించి రాయగలిగినవాడివి నువ్వు. చంద్రుడి మీద అంత కాగితం ఎందుకు ఖర్చు చేశావో నాకు అర్థం కాలేదు.

ప్రేమ విషయంలో ఇంకో అడుగు ముందుకు వెళ్లవచ్చు. పోలికే లేకుండా రాయవచ్చు. శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న ప్రాకృత గాథాసప్తశతిలో చలివేంద్రం గాథ ఒకటి చూడు. బాటసారి తల పైకెత్తి, దోసిట్లో వేళ్లు ఎడం చేసి, నీళ్లు కారిపోతుంటే చాలాసేపు తాగుతూ ఉన్నాడు. నీళ్లు పోసే అమ్మాయి కూడా సన్నటి ధారను ఇంకా సన్నగా చేసింది. గాథ మొత్తం అంతే. వలె లేదు, లాగా లేదు, ప్రేమ అనే పేరు కూడా లేదు. కారిపోతున్న నీళ్లే సంగతంతా చెప్పేశాయి. ధ్వని, అంటే చెప్పకుండానే స్ఫురించే అర్థం, ఏమిటో వివరించడానికి సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ఇలాంటి ప్రాకృత గాథలనే ఉదాహరణలుగా తీసుకున్నాడు. ఇవాళ చలివేంద్రాల్లో వాటర్ ప్యాకెట్లు ఇస్తున్నారు. ధార లేదు, వేళ్ల సందు లేదు. పాపం, ఇప్పటి ప్రేమికుడు ఇంకో ఉపాయం వెతుక్కోవాలి. ఆ ఉపాయాన్ని కనిపెట్టి రాయడం మీ తరం పని.

స్నేహం రాయడం ప్రేమ కంటే కష్టమని నా అభిప్రాయం. ప్రేమకు అతిశయోక్తి నప్పుతుంది, స్నేహం దాన్ని సహించదు. నా ప్రాణమా అని ప్రియురాలిని పిలిస్తే ఒప్పుతుంది. మిత్రుణ్ని అలా పిలిస్తే వాడే నవ్వుతాడు. భాగవతంలో కుచేలుడు వచ్చినప్పుడు కృష్ణుడు ఏం మాట్లాడాడో చూడు. ఇద్దరూ కట్టెల కోసం అడవికి వెళ్లి రాత్రంతా వానలో చిక్కుకున్న సంగతి గుర్తు చేస్తాడు. తరువాత చెంగున కట్టిన అటుకులు అడిగి తింటాడు. పక్కన ఏ ఉపమానం పెట్టినా ఆ అటుకుల ముందు వెలవెలబోతుంది.

అలంకార శాస్త్రం చదివితే సహజత్వం పోతుందని నీ ఉత్తరంలో భయపడ్డావు. రసార్ణవసుధాకరం అనే అలంకార గ్రంథం రాసిన సింగభూపాలుడు మన ఉమ్మడి నల్గొండ రాచకొండ పాలకుడే. శృంగారాన్ని ఆయన ఎంత ఓపికగా విడదీసి చూపాడో కొన్ని పుటలైనా చదువు. ఆయన చెప్పినట్టే రాయాలని ఎవరూ అనరు.

ముందుగా ఆ ఎముకల కవిత ఒక్కటే తిరగరాయి. ఊరు పేరు అందులో పెట్టాలా వద్దా అనేది నీ ఇష్టం, నేనైతే పెడతాను. ఒకే కవితలో నీరు, దీపం, చెట్టు మూడూ వద్దు, నీటితోనే చివరిదాకా నడిపించు. మిగతావి ఆరు నెలలు పక్కన పెట్టు. ఈసారి కంప్యూటర్లో కొట్టిన ప్రతి పంపకు. కొట్టివేతలతో సహా నీ చేతిరాత పంపు, ఏ మాట తీసి ఏ మాట పెట్టావో నాకు కనబడాలి.

ఆశీస్సులతో,
అన్న