పాత పేరు, కొత్త ఓడ

ప్రశ్న: ఐఎన్ఎస్ విక్రాంత్ ని తుక్కు కింద ముక్కలు చేస్తున్నారని 2014లో చదివి చాలా బాధపడ్డానండి. మళ్ళీ 2022లో విక్రాంత్ నేవీలో చేరిందన్నారు. రెండూ ఒకటేనా? ఒకే పేరు పెడితే కన్ఫ్యూజన్ రాదా? మునిగిపోయిన ఓడ పేరు కూడా మళ్ళీ పెడతారట, అది అపశకునం అనుకోరా?

జవాబు: రెండూ వేరు వేరు ఓడలండీ, రెండూ విమానాలని మోసే యుద్ధనౌకలే. మొదటిది బ్రిటన్ వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం టైమ్ లో హెర్క్యులిస్ అనే పేరుతో మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది, దాన్ని మనం కొని పూర్తి చేయించుకుని 1961 మార్చి 4న బెల్ఫాస్ట్ లో నేవీలో చేర్చుకున్నాం. 1971 యుద్ధంలో దాని మీంచి లేచిన విమానాలే అప్పటి తూర్పు పాకిస్తాన్ లోని చిట్టగాంగ్, కాక్స్ బజార్ ల మీద దాడి చేశాయి. 1997లో రిటైరయ్యి కొన్నేళ్ళు ముంబైలో మ్యూజియంగా ఉండి, చివరికి మీరు చదివినట్టే తుక్కయిపోయింది, ఆ ఇనుములో కొంత బజాజ్ వాళ్ళు కొని బైకుల్లో కూడా వాడారు. రెండోది కొచ్చిన్ షిప్ యార్డులో మనమే కట్టుకున్నది, 262 మీటర్ల పొడవు, 2022 సెప్టెంబర్ 2న చేరింది.

కన్ఫ్యూజన్ సంగతంటారా, పాత ఓడ నేవీలో పనిచేస్తున్నంత కాలం అదే పేరు ఇంకో ఓడకి ఇవ్వరు కాబట్టి సముద్రం మీద ఇబ్బంది లేదు. పుస్తకాల్లో మామూలుగా ఓడ పక్కన ఉండే నంబర్ చూసి పోల్చుకుంటాం, పాత కల్వరి సబ్ మెరైన్ ఎస్23, 2017లో వచ్చిన కల్వరి ఎస్21, అలాగన్నమాట. కానీ విక్రాంత్ దగ్గర ఆ కిటుకు పనిచెయ్యదు, ఎందుకంటే పాతదాని ఆర్11 నంబరే కొత్తదానికీ ఇచ్చారు, ఓడ నినాదంగా ఉన్న "జయేమ సం యుధి స్పృధః" అనే ఋగ్వేద వాక్యం కూడా అలాగే ఉంచారు. యుద్ధంలో ఎదిరించినవాళ్ళని గెలుద్దాం అని దాని అర్థం. ఓడ రకం మాత్రం మారిపోవచ్చు, మొదటి ఐఎన్ఎస్ ఢిల్లీ క్రూయిజర్ రకం యుద్ధనౌక, 1997లో అదే పేరుతో చేరింది డిస్ట్రాయర్ రకం.

ఇక మీ చివరి ప్రశ్న, నాకు బాగా నచ్చింది అదే. అపశకునం అనుకోరండి, పైగా పట్టుబట్టి మరీ పెడతారు. 1942 మేలో కోరల్ సీ యుద్ధంలో అమెరికా వాళ్ళ లెక్సింగ్టన్ మునిగిపోయింది. దాన్ని కట్టిన క్విన్సీ షిప్ యార్డులోనే అప్పుడు కాబట్ అనే ఇంకో ఓడ తయారవుతోంది, అక్కడి కార్మికులే దాని పేరు మార్చి లెక్సింగ్టన్ అని పెట్టమని నేవీ సెక్రటరీకి టెలిగ్రాం కొట్టారు, జూన్ లోనే మార్చేశారు. తమ చేతులతో కట్టిన ఓడ పోయిందని తెలిసిన నెలలోపే వాళ్ళు అడిగింది అదీ!

మనకీ ఖుక్రీ అనే యుద్ధనౌక కథ ఉంది. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూకి దగ్గర్లో పాకిస్తాన్ సబ్ మెరైన్ హంగోర్ టార్పెడోలతో కొట్టి ముంచేసింది, 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దానితోపాటే వెళ్ళిపోయారు. ఆ పేరు అక్కడితో ఆపేస్తే జనం నోట్లో అది మునిగిన ఓడ పేరుగానే మిగిలిపోయేది. 1989లో కొత్త ఖుక్రీ వచ్చింది, మరో 32 ఏళ్ళపాటు ఎంతోమంది కుర్రాళ్ళు "నాది ఖుక్రీ" అని చెప్పుకున్నారు, 2021 డిసెంబర్ 23న విశాఖపట్నంలో దాని జెండా దించారు. ఆ తర్వాత దాన్ని తుక్కుకి ఇవ్వలేదండి, మొదటి ఖుక్రీ మునిగిన చోటికి దగ్గర్లో ఉన్న డయ్యూకే అప్పగించారు.