ఏడాదంతా హారర్, థ్రిల్లర్లు, ఫ్యాన్‌ఫిక్షన్ మాత్రమే చదివినవారు ఉన్నారా? మలుపు ముందే తెలిసిపోతే వీటిలో ఇంకేమి మిగులుతుంది?

ఉన్నాను. పోయిన ఏడాది నా చదువంతా ఈ మూడింటి చుట్టూనే తిరిగింది. మీ ప్రశ్నలోని రెండో సగాన్ని ఏడాది మొదట్లో అడిగి ఉంటే "ఏమీ మిగలదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. ఇప్పుడు అలా అనలేను. దానికి కారణం థ్రిల్లర్లు కావు, హారర్ కూడా కాదు. మిగతా రెండింటి పక్కన నేను కాలక్షేపంగా మొదలుపెట్టిన ఫ్యాన్‌ఫిక్షన్.

తెలియనివారి కోసం ఒక్క మాట: ఒకరు సృష్టించిన పాత్రలను తీసుకుని అభిమానులు తమ ముచ్చట కొద్దీ రాసుకునే కథలు ఇవి. ఈ పని మనకు కొత్తేమీ కాదు. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో ఎక్కడా లేదు, గయోపాఖ్యానమూ లేదు. అయినా ఎవరికైనా అడ్డు అనిపించిందా?

నేను ఎక్కువగా చదివింది ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే సైటులో. 2009లో అందరికీ తెరుచుకున్న ఈ సైటును లాభాపేక్ష లేని సంస్థ ఒకటి స్వచ్ఛంద కార్యకర్తలతో నడుపుతోంది. ప్రకటనలు ఉండవు. 2019లో దీనికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం కూడా వచ్చింది. ఇక్కడి అసలు విశేషం ట్యాగులు. మూలకథకు కట్టుబడి ఉంటుందా, వేరే లోకంలో జరుగుతుందా, ఎవరు ఎవరిని ప్రేమిస్తారు, ఆ ప్రేమ తేలడానికి ఎంత కాలం పడుతుంది, ఇవన్నీ కథకు పైనే రాసి ఉంటాయి. ముఖ్య పాత్ర మరణం ఉంటే ఆ హెచ్చరిక పెట్టాలి. అది బయటపెట్టడం ఇష్టం లేని రచయిత "హెచ్చరికలు ఇవ్వదలచుకోలేదు" అన్న గడినైనా ఎంచుకోవాలి. థ్రిల్లర్ వెనుక అట్ట మీద హంతకుడి పేరు అచ్చు వేస్తే మనం ప్రచురణకర్తను క్షమించం. ఇక్కడేమో ముందుగా చెప్పకపోతేనే పాఠకులు నొచ్చుకుంటారు.

ఈ పద్ధతి మొదట నాకు మింగుడుపడలేదు. అన్నీ చెప్పేశాక చదవడం దేనికి? జవాబు హోమ్స్ కథల అభిమానుల దగ్గర దొరికింది. 1893లో ఆర్థర్ కోనన్ డాయిల్ తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ను జలపాతం దగ్గర చంపేసి, పాఠకుల పోరు పడలేక 1903లో బతికించి తెచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. కథాకాలంలో ఆ ఖాళీ 1891 నుంచి 1894 వరకు. ఆ మూడేళ్లూ అతని స్నేహితుడు వాట్సన్ దృష్టిలో హోమ్స్ చనిపోయాడు. ఈలోగా వాట్సన్‌కు మరో విషాదం కూడా జరిగిందని డాయిల్ పేరైనా చెప్పకుండా ఒక్క మాటలో దాటేస్తాడు. భార్య మేరీ పోయిందని పాఠకులే అర్థం చేసుకోవాలి. ఆ ఒక్క మాటలోకి దూరి అభిమానులు రాసిన కథలు కుప్పలు తెప్పలు.

వాటిలో ఒకటి నన్ను బాగా పట్టేసింది. హోమ్స్ బతికే ఉన్నాడని రచయితకు తెలుసు, నాకు తెలుసు, చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది వాట్సన్‌కు మాత్రమే. అతను దినపత్రికలో ఒక వింత నేరం గురించి చదివి, "ఇది చెబితే..." అంటూ ఎదురుగా ఉన్న కుర్చీ వైపు తలెత్తుతాడు. అంతే. అక్కడ నా గొంతు పట్టేసింది. ముగింపు తెలియని పాఠకురాలికి అది చనిపోయిన స్నేహితుడి జ్ఞాపకం, అంతకు మించి కాదు. "అయ్యో, ఆయన ఉన్నాడయ్యా!" అని కేకవేయాలనిపించే నాకు మాత్రం అది వేరే బాధ.

2011లో శాన్ డీగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు కొందరికి ముగింపు ముందే చెప్పి, మరికొందరికి చెప్పకుండా కథలు చదివించారు. ముగింపు తెలిసి చదివినవారే సగటున ఎక్కువ ఆనందించామన్నారు. తర్వాత ఇతరుల ప్రయోగాల్లో దీనికి విరుద్ధమైన ఫలితాలు కూడా వచ్చాయి కనుక వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. నా మట్టుకు నాకు, తేడా పాఠకుడిలో కంటే పుస్తకంలోనే ఎక్కువ ఉంది.

థ్రిల్లర్ల దగ్గర ఇది బాగా కనిపించింది. ఈ మధ్య వచ్చినవి కొన్ని వరసగా చదివాను. జ్ఞాపకశక్తి మీద నమ్మకం లేని కథకురాలు, మరీ మంచివాడైన భర్త, ప్రతి అధ్యాయం చివర మోగే ఫోను. కొన్నాళ్లకు మరీ మంచివాడు కనిపించగానే వాడే హంతకుడు అనుకోవడం అలవాటైంది, చాలాసార్లు వాడే అయ్యాడు కూడా. ఇలాంటి పుస్తకానికి మలుపు పోతే ప్రాణం పోయినట్టే. కానీ ఫ్రాన్సిస్ ఐల్స్ పేరుతో 1931లో వచ్చిన 'మాలిస్ అఫోర్‌థాట్' మొదటి వాక్యంలోనే డాక్టరుగారు భార్యను చంపాలని నిశ్చయించుకున్నట్టు చెప్పేస్తుంది. ప్యాట్రిసియా హైస్మిత్ 1955లో సృష్టించిన టామ్ రిప్లీ హత్య చేసేది మన కళ్లెదుటే. ఆపైన పోలీసు తలుపు తట్టిన ప్రతిసారీ వాడు దొరికిపోతాడేమో అని మనమే కంగారుపడతాం! హంతకుడి పక్షాన ఉన్నానని గుర్తించడానికి నాకు చాలా పేజీలు పట్టింది. ఏ మలుపూ నన్ను ఇంతగా ఇబ్బంది పెట్టలేదు.

అగాథా క్రిస్టీ 1926 నాటి రోజర్ ఆక్రాయిడ్ హత్య కథ మలుపుకే పేరుపొందింది, నిజమే. హంతకుడెవరో తెలిశాక మళ్లీ మొదటి నుంచి చదవండి. నిజాన్ని ఆవిడ ఎన్నిసార్లు మన కళ్ల ముందే పెట్టి, మనం చూడకుండా దాటించిందో లెక్కపెట్టుకోవచ్చు. నాకు రెండోసారే ఎక్కువ నచ్చింది.

హారర్ విషయానికొస్తే, పాతకాలపు ఇంగ్లీషు భయానక నవలల రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసంలో ఒక విభజన ఉంది: రాబోయేదాని గురించిన బెదురు వేరు, ఎదుట పడ్డదాన్ని చూసి గడ్డకట్టడం వేరు. మొదటిది మనసును విశాలం చేస్తుందని, రెండోది ముడుచుకుపోయేలా చేస్తుందని ఆవిడ అంటుంది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి ఆ కొలతతోనే నేను నా పుస్తకాలను వడకట్టాను. రక్తాన్ని లీటర్లలో పోసినవి ఒక్కటీ గుర్తు లేవు. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' మాత్రం వదలదు. మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి పంజా కథ అది. కొడుకు యంత్రంలో పడి నలిగిపోయి చనిపోయాడు. వాడు తిరిగి రావాలని తల్లి తండ్రి చేత కోరించింది. ఇప్పుడు తలుపు చప్పుడవుతోంది. గడియ తీయడానికి తల్లి పరుగెడుతుంటే, అది తెరుచుకోకముందే మూడో కోరిక కోరాలని తండ్రి చీకట్లో తడుముకుంటున్నాడు. తలుపు అవతల ఉన్నది ఎలా ఉంటుందో రచయిత ఎక్కడా చూపించడు. ఆ శవాన్ని తండ్రి చూశాడు, మనకు అది చాలు.

'డ్రాక్యులా' (1897) సంగతి ఇంకా విచిత్రం. కౌంటు డ్రాక్యులా రక్తం తాగే పిశాచమని తెలియకుండా దాన్ని తెరిచేవారు ఈ రోజుల్లో ఉండరు. అయినా మొదటి నాలుగు అధ్యాయాలు వణికిస్తాయి. కౌంటు కోటకు అతిథిగా వచ్చిన జొనాథన్ హార్కర్ తన డైరీలో ఆతిథ్యాన్ని మెచ్చుకుంటూ ఉంటాడు, మనం పళ్లు బిగబట్టి చదువుతూ ఉంటాం. నవల అంతా డైరీలు, ఉత్తరాలు, పత్రికల ముక్కలే కనుక ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది, మొత్తం ఉండేది మన దగ్గరే. వాట్సన్ కథలో నన్ను పట్టుకున్నది కూడా ఇదే కదా అని అక్కడ వెలిగింది. ఒక చిన్న ఫిర్యాదు: పెద్ద హారర్ నవలల్లో చాలావాటికి దయ్యం కనిపించాక సత్తువ పోతుంది. ఆ తర్వాత మిగిలేది వేట, కొట్లాట. అందుకే ఈ రంగంలో నా ఓటు చిన్న కథకూ నవలికకూ.

మీరు అడగకపోయినా, నిద్ర గురించి చెబుతాను. నిద్ర పాడుచేసింది హారర్ కాదు, థ్రిల్లర్లు. భయం వేస్తే పుస్తకం మూసేస్తాం, ఉత్కంఠ మూయనివ్వదు.

మీరు మొదలుపెట్టేటట్టయితే రిప్లీతో మొదలుపెట్టండి, మధ్యలో జేకబ్స్ కథ లాంటివి వేసుకోండి. ఫ్యాన్‌ఫిక్షన్‌కు మాత్రం మీకు మూలకథ బాగా తెలిసి ఉండాలి. లేకపోతే వాట్సన్ తలెత్తినా మీకు ఏమీ కాదు. నాణ్యత ఎగుడుదిగుడు, పది తెరిచి రెండు చదువుతారు. పూర్తయిన కథలు మాత్రమే చూపించే ఫిల్టరు ఒకటి ఉంది, అది తప్పకుండా పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. కథానాయకుడు కొండ అంచున వేలాడుతుండగా ఒక కథ నెలల తరబడి ఆగిపోయి ఉంది. మరణ హెచ్చరిక లేదు కనుక పడిపోడని తెలుసు. ఎలా ఎక్కుతాడో తెలుసుకోవడానికి ఇప్పటికీ ఆ పేజీ తెరిచి చూస్తున్నాను.