కరెంటు పోయి వచ్చాక ఆఫీసు సర్వర్ కొందరికే తెరుచుకుంటోందా? ముందు దాని అడ్రస్‌ను అనుమానించండి

మీరు రాసిన లక్షణాలను ఒకసారి వరుసగా పెట్టుకుంటాను. గుంటూరులో మిర్చి కమిషన్ ఆఫీసు. తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీలు), బిల్లులు అన్నీ ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) మీద నడిచే ఒక వెబ్ సర్వర్‌లో ఉన్నాయి. దాని అడ్రస్ 192.168.1.50. కరెంటు పోయి వచ్చిన తరువాత కొన్ని కంప్యూటర్లలో పేజీ తెరుచుకుంటుంది, కొన్నింటిలో తెరుచుకోదు. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే కాసేపు అందరికీ బాగుంటుంది, తరువాత మళ్లీ మొదటికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారు సర్వర్ పాతదైంది, మార్చమన్నారు. ఇంటర్నెట్ ఇచ్చినవారు స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఇంటర్నెట్ అడ్రస్) కొనమన్నారు. ఆ రెండింటిలో దేనికీ ఇప్పుడే డబ్బు కట్టకండి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు లెక్కలతో పాటు కంప్యూటర్ల బాధ్యత కూడా నాదే. అచ్చం ఇదే జబ్బు మాకూ వచ్చింది. కారణం చిన్నది: సర్వర్‌కు ఇచ్చిన అడ్రస్‌నే మరో పరికరం కూడా వాడుతోంది. మా దగ్గర ఆ రెండోది సీసీ కెమెరాల రికార్డర్. మీ దగ్గర వేలిముద్రల హాజరు యంత్రం కావచ్చు, వైఫై ప్రింటర్ కావచ్చు, ఎవరిదో ల్యాప్‌టాప్ కావచ్చు. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం బలంగా అటే పోతోంది. దానికి కారణం మీరే ఇచ్చారు. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటోంది అన్నారే, అసలు ఆధారం అదే.

ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌కు సమాచారం పంపాలంటే 192.168.1.50 లాంటి ఐపీ అడ్రస్ ఒక్కటే చాలదు. నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే 48 బిట్ల మ్యాక్ నంబర్ కూడా తెలియాలి. అది తెలుసుకునే పద్ధతి పేరు ఆర్ప్. 1982 నాటి పద్ధతి, ఇప్పటికీ దాదాపు అలాగే నడుస్తోంది. "192.168.1.50 ఎవరు?" అని కంప్యూటర్ నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతుంది. నేనంటూ జవాబు ఇచ్చినవారి మ్యాక్ నంబర్‌ను తన పట్టికలో కొంతసేపు రాసి పెట్టుకుంటుంది. జవాబు ఇచ్చినవారు నిజం చెబుతున్నారా అని పరిశీలించే ఏర్పాటు ఇందులో లేదు. మీ ఊరి బ్రాడీపేటలో 4వ లైను, 14వ అడ్డరోడ్డు దాకా కచ్చితంగా వచ్చిన కొరియర్ కుర్రాడు, అక్కడ ఒకే నంబరు పలక రెండు ఇళ్లకు ఉంటే ఏం చేస్తాడు? ముందు తలుపు తీసినవారికి ఇచ్చి వెళ్లిపోతాడు. ఇక్కడా అంతే.

అందుకే కొన్ని కంప్యూటర్ల పట్టికలో సర్వర్ మ్యాక్ ఉంటుంది, కొన్నింటిలో ఆ రెండో పరికరానిది ఉంటుంది. మొదటివారికి బిల్లులు వస్తాయి, రెండోవారికి రావు. సర్వర్‌ను రీస్టార్ట్ చేసినప్పుడు అది లేవగానే తన ఐపీ, మ్యాక్ కలిసి ఉన్న సందేశాలను నెట్‌వర్క్‌లోకి పంపుతుంది. విన్న కంప్యూటర్లు తమ పట్టికను దిద్దుకుంటాయి. అందరికీ పేజీ తెరుచుకుంటుంది. కాసేపటికి పట్టికలో ఆ నమోదు గడువు తీరుతుంది, కంప్యూటర్ మళ్లీ అడుగుతుంది, ఈసారి రెండో పరికరం జవాబు అందుతుంది. సర్వర్ పాతబడి ఉంటే, డిస్కు చెడిపోయి ఉంటే, పక్కపక్క బల్లల మీద ఒకరికి తెరుచుకుని మరొకరికి తెరుచుకోకపోవడం జరగదు. అందరికీ ఒకేలా నెమ్మదిస్తుంది.

మా ఆఫీసులో గుట్టు బయటపడింది బుకింగ్ కౌంటర్ దగ్గర. అక్కడి గుమస్తాకు బిల్లింగ్ పేజీ బదులు యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే ఎప్పుడూ చూడని పేజీ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా మార్చారనుకుని తన పాస్‌వర్డ్ కొట్టి, కుదరక విసుక్కుంటున్నాడు. అది కెమెరా రికార్డర్ లాగిన్ పేజీ! రికార్డర్లు, ప్రింటర్లు, రౌటర్లు చాలావాటిలో చిన్న వెబ్ సర్వర్ ఉంటుంది, అది కూడా చాలావరకు 80వ పోర్టులోనే (వెబ్ పేజీలు వచ్చే ద్వారం) జవాబు ఇస్తుంది. మీ వాళ్లలో ఎవరికైనా ఇలాంటి వింత పేజీ వచ్చిందేమో అడిగి చూడండి. మనవాళ్లు ఇలాంటివి అడిగితే తప్ప చెప్పరు.

మరి కరెంటు పోయినప్పుడే ఎందుకు? చిన్న ఆఫీసుల్లో అడ్రస్‌లు పంచేది రౌటర్. ఆ పనిని డీహెచ్‌సీపీ అంటారు. చాలా రౌటర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే 192.168.1.2 నుంచి 192.168.1.254 వరకు, లేదా అందులో పెద్ద ముక్కను, పంచడానికి పెట్టుకుని ఉంటాయి. సర్వర్‌ను బిగించినవారు దానికి చేత్తో 192.168.1.50 అని రాసి వెళ్లిపోయారు. రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ఒక అడ్రస్‌ను ఇచ్చేముందు చాలా రౌటర్లు అక్కడ ఎవరైనా ఉన్నారా అని ఒకసారి పిలిచి చూస్తాయి. సర్వర్ పలుకుతుంది, రౌటర్ వేరే నంబరు ఇస్తుంది.

కరెంటు పోయి వస్తే కథ మారుతుంది. చౌక రౌటర్లు ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందీ జ్ఞాపకంలోనే ఉంచుకుంటాయి, ఆఫ్ అయితే ఆ జాబితా పోతుంది. రౌటర్, రికార్డర్ త్వరగా లేస్తాయి. సర్వర్ అప్పటికి ఇంకా డిస్కు తనిఖీ చేసుకుంటూ ఉంటుంది. రౌటర్ పిలిస్తే 50 దగ్గర పలికేవారు లేరు, ఖాళీ అనుకుని రికార్డర్‌కు ఇచ్చేస్తుంది. తీరిగ్గా లేచిన సర్వర్ ఎవరినీ అడగదు, చేత్తో రాసిన అడ్రస్ ఉంది కదా. యార్డులో మిర్చి రాక ఎక్కువగా ఉండేదీ, కరెంటు కోతలు పెరిగేదీ ఇంచుమించు ఒకే కాలం కాబట్టి మీకు ఈ తలనొప్పి సరిగ్గా పని ఒత్తిడి రోజుల్లోనే రావడంలో వింత లేదు.

ఇప్పుడు రుజువు. బిల్లింగ్ ఆగినా ఫరవాలేని సమయం, భోజనాల వేళ, చూసుకోండి. సర్వర్ వెనుక నెట్‌వర్క్ కేబుల్ పీకండి. వేరే విండోస్ కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆర్ప్ కమాండ్‌ను -డి తో ఇచ్చి (arp -d 192.168.1.50) ఆ నమోదును తుడిచేయండి. తరువాత ఆ అడ్రస్‌కు పింగ్ చేయండి (ping 192.168.1.50), అంటే పలుకుతుందా అని పిలిచి చూడండి. కేబుల్ పీకిన సర్వర్ నుంచి జవాబు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. జవాబు రాలేదని సంతోషించి కేబుల్ తిరిగి పెట్టేయకండి. పింగ్‌కు పలకకుండా ఫైర్‌వాల్‌తో నోరు కట్టుకున్న పరికరాలు చాలా ఉంటాయి. వెంటనే ఆర్ప్ -ఏ (arp -a) అని కొట్టి పట్టిక చూడండి. పింగ్‌కు పలకనివి కూడా ఆర్ప్‌కు పలుకుతాయి, పలకకపోతే అవి నెట్‌వర్క్‌లో పనే చేయలేవు. 50 ఎదురుగా మ్యాక్ నంబర్ కనిపిస్తే దాన్ని కాగితం మీద రాసుకోండి.

ఆ మ్యాక్‌లో మొదటి ఆరు అక్షరాలు సాధారణంగా తయారీ కంపెనీకి కేటాయించినవి. నెట్‌లో వెతికితే కెమెరాల కంపెనీయో, ప్రింటర్ల కంపెనీయో తేలిపోతుంది. పింగ్ జవాబులో టీటీఎల్ (TTL) అంకె, అంటే ఆ జవాబు ఇంకా ఎన్ని రౌటర్లు దాటగలదో చెప్పేది, కూడా ఒక ఆచూకీ: విండోస్ అయితే మామూలుగా 128, లినక్స్ అయితే 64. రికార్డర్లు, కెమెరాలు చాలావరకు లోపల లినక్స్ మీదే నడుస్తాయి కాబట్టి 64 చూసి మీ ఉబుంటుయే అనుకోకండి. మ్యాక్‌నే నమ్మండి.

మీ సర్వర్ విండోస్ అయి ఉంటే ఇంత వెతకాల్సిన పని ఉండేది కాదు. అడ్రస్ ఘర్షణ కనిపెట్టగానే విండోస్ హెచ్చరిక చూపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన సంఘటనలు రాసుకునే చిట్టా) టీసీపీఐపీ పేరుతో 4199 నంబరు కింద అవతలి మ్యాక్‌తో సహా రాసి పెడుతుంది. ఇది చదివే ఇతరులకు పనికొస్తుందని చెప్పాను.

పరిష్కారం పది నిమిషాల పని, కానీ సగం చేసి వదిలేస్తే వచ్చే కరెంటు కోతకు మళ్లీ మొదలు. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ పంచే పరిధిని 192.168.1.100 నుంచి 192.168.1.200 వరకు కుదించండి. మీ సర్వర్ 50 దానికి బయట పడుతుంది, సర్వర్‌లో ఏమీ మార్చనవసరం లేదు. ఆ తరువాత రికార్డర్, ప్రింటర్, హాజరు యంత్రం అన్నింటినీ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. లేకపోతే పాత అడ్రస్ గడువు తీరేదాకా దాన్ని వదలవు. కొన్ని పరికరాలకు బిగించినవారు చేత్తోనే అడ్రస్ రాసి ఉంటారు. అలాంటివాటిని ఆఫ్ చేసి ఆన్ చేసినా మార్పు ఉండదు, వాటి మెనూలోకి వెళ్లి వేరే నంబరు ఇవ్వాలి.

సర్వర్‌ను కూడా డీహెచ్‌సీపీలోనే ఉంచి, రౌటర్‌లో దాని మ్యాక్‌కు 50ని రిజర్వ్ చేయడం మరో దారి. చక్కటి పద్ధతే, నాకు మాత్రం నచ్చదు. రౌటర్ కాలిపోయి కొత్తది తెచ్చిన రోజున ఆ రిజర్వేషన్ ఎవరికీ గుర్తుండదు. ఏ దారి ఎంచుకున్నా సర్వర్, ప్రింటర్, రికార్డర్ అడ్రస్‌లను ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కన గోడకు అంటించండి. కెమెరాలు బిగించే కుర్రాడు మీ డైరీ తెరవడు, గోడ మాత్రం చూస్తాడు.

ఇక స్టాటిక్ ఐపీ సంగతి. వారు అమ్మేది రౌటర్ బయటి వైపు అడ్రస్. మీ గొడవ లోపలి వైపుది. రెండూ వేరు. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి లోపలి వాడకానికి 1996లోనే విడిగా పెట్టిన అడ్రస్‌లు. మీ ఆఫీసులోనూ, మా ఆఫీసులోనూ, లక్షల ఇళ్లలోనూ ఇవే ఉంటాయి. ఇలా నాలుగు అంకెలతో ఉండే పాత పద్ధతి (ఐపీవీ4) అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లే. అవి చాలక ఇంటర్నెట్ కంపెనీలు వందలమంది ఖాతాదారులను ఒకే బయటి అడ్రస్ వెనుక కూర్చోబెడుతున్నాయి. మీ రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (WAN, బయటి వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరూ ఆ వరుసలోనే ఉన్నారు. 2012లో ఆ పరిధిని ఇందుకే కేటాయించారు. అలాంటి కనెక్షన్ ఉంటే బయటి నుంచి మీ సర్వర్‌కు నేరుగా దారి ఉండదు, అప్పుడు స్టాటిక్ ఐపీ అడగడంలో అర్థం ఉంది.

యార్డు నుంచి యజమాని ఫోన్‌లో బిల్లులు చూడాలంటున్నారని చివర్లో రాశారు కాబట్టి ఒక మాట. స్టాటిక్ ఐపీ కొని, రౌటర్‌లో 80వ పోర్టు తెరిచి, రైతుల ఖాతాలున్న పేజీని లోకానికి చూపించే పని మాత్రం చేయకండి. తెరిచిన పోర్టులను రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. రౌటర్‌లో వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) సౌకర్యం ఉందేమో చూడండి, ఫోన్ ముందు దాని ద్వారా లోపలికి వచ్చి, తరువాత అదే 192.168.1.50ను తెరవాలి.

ఒకవేళ కేబుల్ పీకిన పరీక్షలో 50 దగ్గర ఎవరూ లేరని తేలితే, తెరుచుకోని కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి దాని సొంత అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే దానికి రౌటర్ అడ్రస్ ఇవ్వలేదు, తనకు తోచినది పెట్టుకుంది. కేబుల్, స్విచ్చి చూసుకోండి. 192.168.0తో మొదలైతే బహుశా ఎవరో కొత్త వైఫై రౌటర్ తెచ్చి స్విచ్చికి తగిలించారు, అది కూడా అడ్రస్‌లు పంచుతోంది. ఫోన్లలోనే తెరుచుకోకపోతే అవి గెస్ట్ వైఫైలో ఉన్నాయేమో. అది లోపలి యంత్రాలను చూడనివ్వదు, చూడనివ్వకూడదు కూడా.

సాఫ్ట్‌వేర్ వారు వచ్చి సర్వర్ ముందు కూర్చుని, "ఇదిగో, బాగానే తెరుచుకుంటోంది" అంటే ఒప్పుకోకండి. సర్వర్ తనను తాను 127.0.0.1 అన్న అడ్రస్‌తో పిలుచుకుంటే ఆ మాట కేబుల్ దాకా రాదు. నెట్‌వర్క్ కేబుల్ పీకేసినా ఆ పేజీ తెరుచుకుంటుంది. పరీక్ష ఎప్పుడూ తెరుచుకోని కంప్యూటర్ దగ్గరే జరగాలి.

ఇంత చేసినా తేలకపోతే, పేజీ తెరుచుకునే కంప్యూటర్ ఒకటి, తెరుచుకోనిది ఒకటి తీసుకుని, రెండింటిలోనూ ఒకే సమయంలో ఆర్ప్ -ఏ ఫలితం ఇక్కడ పెట్టండి. సర్వర్ అసలు మ్యాక్ ఏమిటో కూడా రాయండి. ఈ మూడూ ఉంటే మిగతాది చూసి చెబుతాను.