రిగ్లీ ఫీల్డ్‌కు అమ్మానాన్నలతో వెళ్లే ముందు

చిరంజీవి రవికి పెద్దమ్మ ఆశీస్సులు.

బెజవాడ నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలను ఈ శనివారం షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియంలో కబ్స్ జట్టు బేస్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. అయితే శనివారం 68 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది కాబట్టి పల్చటి జాకెట్లు చాలని నువ్వు అన్నావట. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు చూసింది సరస్సుకు దూరంగా, షికాగోకు పడమట ఉన్న నేపర్‌విల్‌లో మీ ఇంటి దగ్గరి వాతావరణం. రిగ్లీ ఫీల్డ్ మిషిగన్ సరస్సుకు మైలు దూరం లోపే ఉంది. ఏప్రిల్‌లో ఆ నీళ్లకు చలికాలపు చల్లదనం ఇంకా వదలదు కనుక, మధ్యాహ్నం నేల వేడెక్కి అక్కడి గాలి పైకి లేచేసరికి, ఆ చోటులోకి సరస్సు మీది చల్లగాలి వచ్చి పడుతుంది. ఎండ కాస్తుండగానే అరగంటలో 15, 20 డిగ్రీలు తగ్గిపోవడం అక్కడ మామూలే. కాబట్టి సరస్సు ఒడ్డున ఎన్ని డిగ్రీలు ఉంటుందో, గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో ప్రత్యేకంగా చూసుకో. తూర్పు గాలి, ఈశాన్యపు గాలి అని ఉంటే మాత్రం చలికాలపు బట్టలు బయటికి తీయాల్సిందే.

సీట్లు ఎక్కడ తీసుకున్నావో నాకు తెలియదు. కింది అంతస్తులో వెనక వరుసలైతే పై అంతస్తు కప్పు కింద ఉంటాయి. వాన పడదు కానీ ఎండా పడదు, మధ్యాహ్నం 1:20కి మొదలైన మ్యాచ్ ముగిసేదాకా ఆ నీడలోనే కూర్చోవాలి. బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చిన 2023 నుంచి ఆటలు త్వరగా ముగుస్తున్న మాట నిజమే అయినా, రెండున్నర గంటలకు పైగా కదలకుండా కూర్చోవడం పెద్దవాళ్లకు తక్కువేమీ కాదు. టికెట్లు మార్చుకునే వీలుంటే ఎండ తగిలే ముందు వరుసలు తీసుకో.

బట్టల విషయంలో ఒక్క మందపాటి కోటు కంటే పల్చటివి మూడు పొరలు నయం. ఒంటికి అంటుకుని ఉండేది నూలు బట్ట కాకూడదు, చెమటకు తడిస్తే అదే చలి పుట్టిస్తుంది, థర్మల్స్ వేయించు. మీ అమ్మ చీరే కడతానంటే కాదనకు, లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకోమను, పైన గాలి చొరబడని కోటు ఉండాలి. మీ నాన్నగారికి మంకీ క్యాప్ పెట్టు. ఎవరేమనుకుంటారోనని మొహమాటపడనక్కర్లేదు, ఆ రోజు స్టేడియంలో సగం మంది చెవులు కప్పుకునే ఉంటారు.

అన్నిటికంటే ముఖ్యం పాదాలు. కింద ఉన్నది కాంక్రీటు, బూట్ల అడుగు నుంచి వేడిని లాగేస్తూనే ఉంటుంది. మందమైన ఉన్ని సాక్సు వేయించి, కాళ్ల కింద మడిచిన అట్టముక్క ఒకటి పరిచి చూడు, తేడా నీకే తెలుస్తుంది. మీ నాన్నగారికి షుగర్ ఉంది కనుక వేళ్లు మొద్దుబారినా ఆయనకు తెలియకపోవచ్చు. రెండు మూడు ఇన్నింగ్స్‌కు (ఆటలో మొత్తం తొమ్మిది ఉంటాయి) ఒకసారి లేపి నాలుగడుగులు నడిపించు. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, కాబట్టి ఉదయం మాత్ర మరిచిపోనివ్వకు. వేడి కోసమని బీరు తాగవద్దని నీకూ చెబుతున్నాను. ఒంట్లోని వేడి చర్మం మీదికి వచ్చి వెచ్చగా అనిపిస్తుంది కానీ, ఆ వేడి అలాగే బయటికి పోతుంది. స్టేడియం లోపల తాగడానికి వేడి చాక్లెట్ దొరుకుతుంది. ఇంటి నుంచి ఏం తెచ్చుకోనిస్తారో, సంచి ఎంత ఉండాలో బయల్దేరే ముందు చూసుకో.

ఆట తెలియని వాళ్లకు చలిలో విసుగు పుడుతుంది, అందుకని ఆ గాలితోనే వాళ్లకు ఆట నేర్పు. బ్యాటర్‌కు ఎదురుగా మైదానం అవతలి చివర, సెంటర్ ఫీల్డ్‌లో, 1937 నాటి, ఇప్పటికీ చేతితోనే అంకెలు మార్చే స్కోర్‌బోర్డు మీద జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూపించు. అవి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వైపు ఎగురుతుంటే గాలి బంతిని వెనక్కి తోస్తున్నట్టు, ఎంత గట్టిగా కొట్టినా గోడ దాటడం కష్టమన్నమాట. గోడల మీది ఐవీ తీగలు ఏప్రిల్‌లో ఇంకా చిగురించవు. ఎండిపోయాయని మీ అమ్మ బాధపడకుండా ముందే చెప్పు.

మధ్యలో లేచి వచ్చేయాలనిపిస్తే 2018 ఏప్రిల్ 14 గుర్తు తెచ్చుకో. ఎముకలు కొరికే చలిలో, వానలో, ఇదే మైదానంలో అట్లాంటా జట్టు చేతిలో ఒక దశలో 2-10తో వెనకబడిన కబ్స్, ఎనిమిదో ఇన్నింగ్‌లో తొమ్మిది పరుగులు తీసి 14-10తో గెలిచారు. అయితే మీ నాన్నగారికి వణుకు ఆగకపోయినా, మాట తడబడినా ఇక స్కోరు చూడకు, వెంటనే వెచ్చని చోటికి తీసుకెళ్లు. వాన వల్ల ఆట మొదలు కాకుండానే వాయిదా పడితే టికెట్లు పారేయకు, మళ్లీ పెట్టే మ్యాచ్‌కు అవి పనికొస్తాయి.

మా ఇంట్లో రెండు ఉన్ని దుప్పట్లు, మీ పెదనాన్న మంకీ క్యాప్, నా చేతి తొడుగులు తీసి పెట్టాను. శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూ ఇటు వచ్చి, భోంచేసి, అవి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ